ఆగని లెక్క

1996 జూన్ 4వ తేదీ. దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరంలో, ఫ్రెంచి గయానాలోని కూరూ అనే పట్టణం వద్ద ఒక కొత్త రాకెట్టు ప్రయాణానికి సిద్ధంగా నిలబడి ఉంది. దాని పేరు ఏరియాన్-5. ఫ్రెంచి గయానా ఐరోపాకు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్నా ఫ్రాన్సు దేశంలో భాగమే. 1954 వరకు ఫ్రెంచి ఏలుబడిలో ఉన్న యానాం పిల్లలకు ఈ సంగతి వింతగా తోచదు. మన దేశానికి శ్రీహరికోట ఎలాంటిదో ఐరోపా దేశాలకు కూరూ అలాంటిది.

ఆ ఉదయం దూరపు దృశ్యం సరిగా కనిపించనందున ప్రయోగం దాదాపు గంటసేపు ఆలస్యమైంది. తొమ్మిదిన్నర దాటాక ఇంజను అంటుకుంది. రాకెట్టు నేలను విడిచి నిటారుగా పైకి లేచింది. దాని లోపల నాలుగు ఉపగ్రహాలు ఉన్నాయి. వాటి ఉమ్మడి పేరు క్లస్టర్. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణాన్ని నాలుగు చోట్ల నుంచి ఒకేసారి పరిశీలించడానికి శాస్త్రజ్ఞులు వాటిని ఏళ్ళ తరబడి శ్రమించి తయారుచేశారు.

ఇంజను అంటుకున్న తరువాత 36 సెకన్ల వరకు అంతా సవ్యంగానే సాగింది. ఆ వెంటనే రాకెట్టు అడుగున మంట చిమ్మే గొట్టాలు ఒక్కసారిగా పక్కకు తిరిగాయి. రాకెట్టు ఒరిగిపోయింది. గాలి తాకిడికి దాని భాగాలు ఊడిపోసాగాయి. అలా ఊడినప్పుడు రాకెట్టు తనను తానే పేల్చుకొనే ఏర్పాటు ముందే చేసి ఉంచారు. అది పనిచేసింది. సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఏరియాన్-5 తునాతునకలైంది. శకలాలు పన్నెండు చదరపు కిలోమీటర్ల మేర చిత్తడి నేలల్లో, మడ అడవుల్లో పడ్డాయి. యానాం పక్కన కోరింగ వద్ద ఉన్నవి కూడా మడ అడవులే. అటువంటి బురదలో ఒక చిన్న పెట్టెను వెతికి పట్టుకోవడం ఎంత కష్టమో ఆ ప్రాంతం వారు ఊహించగలరు. అయినా వెతికేవారు కావలసిన పెట్టెలు రెండింటినీ పట్టుకొన్నారు. రాకెట్టులో మనుషులెవరూ లేనందున ప్రాణనష్టం జరగలేదు.

కారణం తెలుసుకోవడానికి ఒక విచారణ సంఘాన్ని నియమించారు. ఫ్రాన్సుకు చెందిన గణితశాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ దానికి అధ్యక్షుడు. ఆ సంఘం జూలై నెలలోనే నివేదిక ఇచ్చింది. తప్పు ఇంజనులో లేదు, ఇంధనంలో లేదు. తప్పు సాఫ్ట్‌వేరులో ఉంది. ఆశ్చర్యమేమంటే ఆ సాఫ్ట్‌వేరు కొత్తది కాదు. అంతకుముందు ఏరియాన్-4 రాకెట్లలో ఎన్నోసార్లు చక్కగా పనిచేసినదే.

సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు

కంప్యూటరు ఏ పని ఏ వరుసలో చేయాలో తెలిపే ఆదేశాల సముదాయాన్ని ప్రోగ్రాము అంటారు. ప్రోగ్రాములు, వాటితోపాటు ఉండే వివరణ పత్రాలు, అవి వాడుకొనే సమాచారం, ఇవన్నీ కలిస్తే సాఫ్ట్‌వేరు. ఒక విద్యార్థి తన మార్కులు కూడుకోవడానికి పది పంక్తుల ప్రోగ్రాము రాస్తే అది అతని తలలో ఇముడుతుంది. రాకెట్టును నడిపే సాఫ్ట్‌వేరు ఏ ఒక్కరి తలలోనూ ఇమడదు. పలువురు రాస్తారు, పలు సంవత్సరాలు రాస్తారు. మొదట రాసినవారు వెళ్ళిపోతారు, కొత్తవారు వస్తారు.

1960ల నాటికి ఈ చిక్కు ముదిరింది. పెద్ద ప్రోగ్రాములు అనుకొన్న సమయానికి పూర్తయ్యేవి కావు. పూర్తయినా తప్పులతో నిండి ఉండేవి. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నిపుణులు సమావేశమై ఈ విషయాన్ని చర్చించారు. ఆ సమావేశానికి పెట్టిన పేరే సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు. వంతెన కట్టే ఇంజనీరు ముందు నది లోతు, వరద మట్టం, మోయవలసిన బరువు తెలుసుకొని, ప్లాను గీసి, లెక్క కట్టి, ఆ తరువాతనే పునాది తవ్విస్తాడు. ప్రోగ్రాములు రాసేవారు కూడా అదే క్రమశిక్షణ పాటించాలని ఆ పేరు పెట్టినవారి ఉద్దేశం. అప్పట్లో కొందరికి ఆ పేరు కాస్త గుచ్చుకొన్న మాట నిజం. గుచ్చుకోవాలనే పెట్టారు.

ఈ క్రమంలో మొదటిది అవసరాలు తెలుసుకోవడం, అంటే వ్యవస్థ ఏమి చేయాలి, ఎటువంటి పరిస్థితుల్లో చేయాలి అన్నది రాసుకోవడం. తరువాత రూపకల్పన. పనిని భాగాలుగా విడదీసి, ఏ భాగం దేనితో మాట్లాడుతుందో నిర్ణయించడం. ఆ తరువాత ప్రోగ్రాము రాయడం, పరీక్షించడం. వాడుకలోకి వచ్చాక మార్పులు చేసుకుంటూ పోవడాన్ని నిర్వహణ అంటారు. చెప్పడానికి ఇవి మెట్ల వరుసలా ఉంటాయి గాని నిజంగా పనిచేసేటప్పుడు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం తప్పదు. ప్రోగ్రాము రాయడమే అన్నిటికన్నా పెద్ద పని అని చాలామంది అనుకొంటారు. ఏరియాన్-5 సంగతి చూస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

పెట్టెలో ఏమి జరిగింది?

రాకెట్టుకు రోడ్డు ఉండదు. తాను ఎటు తిరిగి ఉన్నదో, ఎంత వేగంతో కదులుతున్నదో తానే క్షణక్షణం కొలుచుకోవాలి. అందుకోసం ఏరియాన్-5లో జడత్వ పరికరం అనే పెట్టె ఉంది. దానికి సొంత కంప్యూటరు, సొంత సాఫ్ట్‌వేరు ఉన్నాయి. ఒక పెట్టె చెడిపోతే మరొకటి ఆదుకోవాలని అటువంటివి రెండు పెట్టారు. ఈ పెట్టె పంపే కొలతలను బట్టి ప్రధాన కంప్యూటరు మంట గొట్టాలను ఇటూ అటూ తిప్పుతూ రాకెట్టును దారిలో ఉంచుతుంది.

ప్రయాణానికి ముందు, నేల మీద నిలబడి ఉన్నప్పుడు, ఈ పెట్టె నిటారు దిశ ఏది, ఉత్తరం ఏది అని సరిచూసుకోవాలి. దీనికి ఈ పాఠంలో ‘సరిచూపు’ అని పేరు. రాకెట్టు నేలను విడిచిన తరువాత సరిచూపుతో పని లేదు. త్రాసులో సరుకు వేయకముందు ముల్లును సున్నా దగ్గర ఉంచినట్టే ఇది. సరుకు వేశాక మళ్ళీ ముల్లును సర్దడం అర్థం లేని పని.

కాని ఆ పెట్టెలో సరిచూపు లెక్క రాకెట్టు ఎగిరిన తరువాత కూడా దాదాపు నలభై సెకన్లపాటు సాగుతూనే ఉండేది. ఆ లెక్కలో రాకెట్టు అడ్డంగా కదిలే వేగాన్ని బట్టి పెరిగే ఒక విలువ ఉంది. దానిని 64 బిట్ల చోటు నుంచి 16 బిట్ల చోటులోకి మార్చే ఆదేశం ఒకటి ప్రోగ్రాములో ఉంది. బిట్టు అంటే సున్నా గాని ఒకటి గాని పట్టే గడి. అటువంటి గడులు పదహారు ఉంటే, ధన రుణ సంఖ్యలు రెండూ రాయవలసినప్పుడు, 32,767 కన్నా పెద్ద సంఖ్య అందులో పట్టదు. మూడు గడులే ఉన్న పట్టీలో 999 తరువాత వచ్చే సంఖ్యను రాయలేకపోవడం వంటిదే ఇది. ఏరియాన్-5 అడ్డపు వేగం ఏరియాన్-4 కన్నా అయిదు రెట్లు త్వరగా పెరుగుతుంది. విలువ గడులను దాటిపోయింది. అలా దాటితే ఏమి చేయాలో ప్రోగ్రాములో రాయలేదు. తప్పు ఎదురైతే పెట్టె తన కంప్యూటరును ఆపివేయాలని మాత్రం ముందే నిర్ణయించి ఉంచారు.

మొదట ఆగింది అదనపు పెట్టె. సెకనులో పదో వంతు కూడా గడవకముందే అసలు పెట్టె కూడా ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు ఒకే పలక చూసి లెక్క రాస్తే ఇద్దరికీ ఒకే తప్పు వస్తుంది. రెండు పెట్టెల్లోనూ ఉన్నది ఒకే సాఫ్ట్‌వేరు గనుక రెండోది మొదటిదాన్ని ఆదుకోలేకపోయింది. ఆగిపోతూ అసలు పెట్టె తనకు ఏమైందో తెలిపే సంకేతాలను పంపింది. ప్రధాన కంప్యూటరు వాటిని వేగం, దిశల కొలతలు అనుకొంది. రాకెట్టు చాలా పక్కకు పోయిందని భ్రమపడి, లేని తప్పును సరిదిద్దడానికి మంట గొట్టాలను గట్టిగా తిప్పింది.

ఎందుకు అలా వదిలేశారు?

ఇందులో ఎవరూ నిద్రపోలేదు. గడులను దాటిపోగల విలువలు ఏడు ఉన్నాయని ఇంజనీర్లు ముందే గుర్తించారు. నాలుగింటికి రక్షణ ఏర్పాటు చేశారు. పెట్టెలోని కంప్యూటరు సామర్థ్యంలో 80 శాతానికి మించి వాడకూడదని నియమం ఉన్నందున, మిగతా మూడింటికి ఆ అదనపు భారం పెట్టలేదు. అవి ఎన్నటికీ అంత పెద్దవి కావని భావించారు. ఏరియాన్-4 విషయంలో ఆ భావన నిజమే.

సరిచూపు ఎగిరిన తరువాత కూడా ఎందుకు సాగింది? ఏరియాన్-4 కోసమే. చివరి క్షణాల్లో ప్రయోగాన్ని ఆపవలసి వస్తే, సరిచూపు మళ్ళీ మొదటి నుంచి చేయడానికి ముప్పావు గంటో అంతకన్నా ఎక్కువో పట్టే అవకాశం ఉండేది. దాన్ని కొంతసేపు ఆపకుండా ఉంచితే వెంటనే తిరిగి ప్రయోగించవచ్చు. ఈ సదుపాయం 1989లో ఒకసారి నిజంగానే ఉపయోగపడింది. ఏరియాన్-5లో సిద్ధం చేసే వరుస వేరు. అక్కడ దానితో అవసరమే లేదు. బాగా పనిచేస్తున్న దానిని ముట్టుకోవడం ఎందుకని అలాగే ఉంచారు.

మరి పరీక్షల్లో బయటపడలేదా? ఆ పెట్టె నుంచి ఏమి కావాలో తెలిపే పత్రంలో ఏరియాన్-5 దారి వివరాలు చేర్చలేదు. చేర్చనిదాన్ని పరీక్షించేవారూ లేరు. రాకెట్టు మొత్తాన్ని నేల మీద అనుకరించి పరీక్షించినప్పుడు అసలు పెట్టెకు బదులు దాని కొలతలను అనుకరించే ఏర్పాటు వాడారు. ప్రమాదం తరువాత అసలు సాఫ్ట్‌వేరుకు ఏరియాన్-5 దారి వివరాలు ఇచ్చి చూశారు. రాకెట్టును పడగొట్టిన సంఘటనలన్నీ అదే వరుసలో మళ్ళీ వచ్చాయి. ఎగరకముందు చేయగలిగిన పరీక్షే అది.

గీసి చూడడం

వేల పంక్తుల ప్రోగ్రామును చదివి ఇటువంటి చిక్కును పట్టుకోవడం కష్టం. అందుకే ఇంజనీర్లు వ్యవస్థను బొమ్మగా గీస్తారు. అటువంటి బొమ్మను నమూనా అంటారు. ఇంటి ప్లానులో గోడల రంగు కనిపించదు, తలుపులు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. నమూనా కూడా అలాంటిదే. అన్నీ చూపదు. చూడవలసిన ఒక సంగతిని మాత్రం విడదీసి చూపుతుంది. ఏమి వదలాలో తెలియడమే దానిలోని నేర్పు.

ఒక చిన్న ఉదాహరణ. బరంపురంలోని ఒక కుటుంబం సికింద్రాబాదులో పెళ్ళికి వెళ్ళడానికి రైలు టిక్కెట్టు తీసుకొంది. చోటు లేనందున అది వెయిటింగు లిస్టులో ఉంది. ముందున్నవారు రద్దు చేసుకొంటే అది ఆర్.ఏ.సి.కి మారుతుంది, తరువాత ఖరారవుతుంది. కుటుంబమే ప్రయాణం మానుకొంటే రద్దవుతుంది. ఇప్పుడు నోటుపుస్తకంలో గుండ్రని మూలలు గల నాలుగు గడులు గీసి వాటిలో వెయిటింగు లిస్టు, ఆర్.ఏ.సి., ఖరారు, రద్దు అని రాయండి. ఒక్కొక్క గడి ఒక స్థితి. ఒక స్థితి నుంచి మరో స్థితికి బాణం గీసి, ఏమి జరిగితే ఆ మార్పు వస్తుందో బాణం మీద రాయండి. దీనిని స్థితి చిత్రం అంటారు.

బొమ్మ గీసిన వెంటనే ప్రశ్నలు మొదలవుతాయి. రద్దు నుంచి ఖరారుకు బాణం ఉండవచ్చునా? ఉంటే, రద్దయిన బెర్తును ఈలోగా మరొకరికి ఇచ్చి ఉంటే ఇద్దరూ ఒకే బెర్తు కోసం తగవులాడుకోవలసి వస్తుంది. చార్టు తయారైన తరువాత ఏ బాణాలు మిగులుతాయి? మాటల్లో చెప్పినప్పుడు రాని ఈ ప్రశ్నలు గీతల్లో వస్తాయి. కారణం ఒకటే. మాటల్లో ఖాళీ కనిపించదు, బొమ్మలో బాణం లేని చోటు కంటికి కనిపిస్తుంది.

టిక్కెట్టు ఒకసారి ఒకే స్థితిలో ఉంటుంది. రాకెట్టు అలా కాదు. దానిలో రెండు మూడు పనులు పక్కపక్కనే సాగుతాయి. ఇజ్రాయెలుకు చెందిన డేవిడ్ హారెల్ అనే శాస్త్రవేత్తకు 1983లో ఒక యుద్ధవిమానపు వ్యవస్థ మీద పనిచేస్తున్నప్పుడు ఈ ఇబ్బంది ఎదురైంది. గడులు, బాణాలు లెక్కకు మించి పెరిగిపోయి బొమ్మ చిక్కుపడిన నూలులా తయారయ్యేది. ఆయన ఒక ఉపాయం కనిపెట్టారు. పెద్ద గడిలో చిన్న గడులు ఉండవచ్చు. పక్కపక్కన ఒకేసారి సాగే పనులను ఒక చుక్కల గీతతో విడదీయవచ్చు. 1987లో ఆయన ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం ప్రచురించారు.

ఇప్పుడు ఆ జడత్వ పరికరాన్ని ఈ పద్ధతిలో గీయండి. ఒక పెద్ద గడి గీసి నడుమ చుక్కల గీత గీయండి. గీతకు ఒక పక్క ‘నేల మీద’, ‘ప్రయాణంలో’ అనే రెండు స్థితులు. వాటి మధ్య బాణం మీద ‘ఎగరడం’ అని రాయాలి. గీతకు రెండో పక్క ‘సరిచూపు సాగుతోంది’, ‘సరిచూపు ఆగింది’. ఈ రెండింటి మధ్య బాణం మీద ఏమి రాయాలి? త్రాసు ఉదాహరణ గుర్తున్నవారు ఇక్కడ కూడా ‘ఎగరడం’ అనే రాస్తారు. ఉన్న సాఫ్ట్‌వేరు ప్రకారం రాయవలసింది అది కాదు. ‘ఎగిరిన తరువాత దాదాపు 40 సెకన్లకు’ అని రాయాలి. ఆ మాట బాణం మీద పడగానే పక్కనున్నవారు ఎవరైనా అడుగుతారు, ఈ నలభై సెకన్లు ఎందుకని. జవాబు ఏరియాన్-4 కాగితాల్లో ఉంది. ఏరియాన్-5కు ఆ జవాబు చెల్లదు.

మరొక రకం బొమ్మ కూడా ఇక్కడ పనికివస్తుంది. దాన్ని క్రమచిత్రం అంటారు. కాగితం మీద మూడు నిలువు గీతలు గీసి పైన అసలు పెట్టె, అదనపు పెట్టె, ప్రధాన కంప్యూటరు అని పేర్లు రాస్తారు. పై నుంచి కిందికి కాలం నడుస్తుంది. ఒకరు మరొకరికి పంపే సందేశాన్ని అడ్డపు బాణంగా గీస్తారు. మామూలు బాణం మీద ‘వేగం, దిశ’ అని ఉంటుంది. ‘నాకు తప్పు ఎదురైంది’ అనే బాణం కూడా ప్రధాన కంప్యూటరు దగ్గరకే వెళ్తుంది. ఈ రెండు బాణాలనూ ఆ కంప్యూటరు ఎలా వేరుచేసి గుర్తిస్తుంది? బొమ్మలో ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి చోటు ఖాళీగా కనిపిస్తుంది.

ఇటువంటి బొమ్మలు కొత్తవి కావు. 1921లో అమెరికాలో ఫ్రాంక్, లిలియన్ గిల్‌బ్రెత్ దంపతులు కర్మాగారంలో పని నడిచే తీరును గీతల్లో చూపారు. 1940లలో గోల్డ్‌స్టైన్, ఫాన్ నాయ్‌మన్ కంప్యూటరు లెక్కలకు ప్రవాహచిత్రాలు గీశారు. 1990ల తొలి సంవత్సరాలకు ఒక్కొక్కరు ఒక్కొక్క రకంగా గీయసాగారు. ఒకరి బొమ్మ మరొకరికి అర్థమయ్యేది కాదు. గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, ఈవార్ యాకబ్సన్ అనే ముగ్గురు తమ తమ పద్ధతులను కలిపి ఒకే చిత్రభాష తయారుచేశారు. దాని పేరు యు.ఎం.ఎల్., అంటే ఏకీకృత నమూనా భాష. 1997లో అది ప్రమాణంగా ఆమోదం పొందింది. స్థితి చిత్రం, క్రమచిత్రం రెండూ అందులో ఉన్నాయి. హారెల్ చుక్కల గీత కూడా దానిలో చేరింది.

బొమ్మ గీసినంత మాత్రాన తప్పు దానంతట అదే తొలగిపోతుందని అనుకోరాదు. సాఫ్ట్‌వేరు మారినా బొమ్మ మారకపోతే ఆ బొమ్మ అబద్ధం చెబుతుంది. అందంగా ముద్రించి గోడకు తగిలించిన నమూనా కన్నా, నలుగురు చుట్టూ కూర్చొని కొట్టివేతలతో నింపిన చిత్తు కాగితం ఎక్కువ పనికివస్తుంది.

విచారణ సంఘం తన సూచనల్లో మొట్టమొదట చెప్పినది సరిచూపును రాకెట్టు ఎగిరిన వెంటనే ఆపివేయాలని. ప్రయాణంలో అవసరం లేని ఏ పనీ సాఫ్ట్‌వేరులో సాగకూడదని కూడా చెప్పింది. పోయిన ఉపగ్రహాలకు బదులు శాస్త్రజ్ఞులు మరో నాలుగింటిని తయారుచేశారు. 2000 జూలై, ఆగస్టు నెలల్లో బైకొనూరు నుంచి రష్యా సోయుజ్ రాకెట్లు వాటిని ఆకాశంలోకి చేర్చాయి. అదే సంవత్సరం మార్చి నెలలో మన దేశపు ఇన్సాట్-3బి ఉపగ్రహం కూరూ నుంచి ఎగిరింది. దానిని తీసుకువెళ్ళింది ఏరియాన్-5. 2023 జూలై 5వ తేదీన చివరిసారి ఎగిరేనాటికి ఆ రాకెట్టు మొత్తం 117 ప్రయాణాలు చేసింది.

అభ్యాసము

1. అదనపు పెట్టె ఉన్నప్పటికీ ఏరియాన్-5 ఎందుకు కూలిపోయింది? సొంత మాటల్లో రాయండి.

2. ఏరియాన్-4లో సరిగా పనిచేసిన లెక్క ఏరియాన్-5లో ఎందుకు పనిచేయలేదు? తప్పు ప్రోగ్రాము రాయడంలో జరిగిందా, అవసరాలు తెలుసుకోవడంలో జరిగిందా? కారణాలతో చర్చించండి.

3. మీ పాఠశాల గ్రంథాలయంలోని ఒక పుస్తకానికి స్థితి చిత్రం గీయండి. పోయిందనుకొన్న పుస్తకం తిరిగి దొరికితే ఏ బాణం గీయాలి?

4. ‘చిక్కుపడిన నూలులా’ అన్న పోలికను పాఠంలో ఏ సందర్భంలో వాడారు? అటువంటి మరో రెండు పోలికలను పాఠంలో గుర్తించి రాయండి.